ఆట చెప్పినాయన

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



టీవీలు రాని రోజుల్లో టెస్ట్ మ్యాచ్ జరుగుతోందంటే ముందు గదిలో మగవాళ్ళంతా రేడియో చుట్టూ చేరేవారు, మీకు గుర్తుండే వుంటుంది. మనమేమో వంటింట్లో పోపు వేస్తూనో, పప్పు రుబ్బుతూనో వుండేవాళ్ళం. ఆట సంగతి మనకేం తెలుసు? సిల్లీ పాయింట్ అంటే ఏవిటో, గల్లీ అంటే ఏవిటో మనకి ఎవరూ కూర్చోబెట్టి చెప్పింది లేదు. అయినా రేడియోలో ఆ గొంతు పైకి లేస్తే మనవాళ్ళెవరో ఫోర్ కొట్టారనీ, చటుక్కున పడిపోతే వికెట్ పోయిందనీ, గరిటె చేతిలో వుండగానే తెలిసిపోయేది. ఆ పూట అన్నాలకి వేళకి లేస్తారో లేవరో కూడా ఆ గొంతుని బట్టే చెప్పగలిగేవాళ్ళం. కాని ఆ గొంతు ఎవరిది, ఆయన ఎక్కడివాడు, ఆయన ఇంట్లో ఎవరెవరున్నారు అని మనం ఎప్పుడూ అడగలేదు.

ఇవాళ మీకు అలాంటి గొంతు ఒకదాని కథ చెప్పాలనుకుంటున్నాను. అది మన దేశంలోది కాదు, క్రికెట్ కూడా కాదు. అమెరికాలో బాస్కెట్ బాల్ ఆటని నలభై ఏళ్ళకి పైగా రేడియోలోనూ టీవీలోనూ చెప్పిన చిక్ హెర్న్ అనే ఆయన కథ. బాస్కెట్ బాల్‌తో మాకేం పని అనకండి. నాకూ ముందు అలాగే అనిపించింది.

మా చిన్నవాడు లాస్ ఏంజెలిస్‌లో వుంటాడు. వాడి దగ్గరికి వెళ్ళినప్పుడు ఒకరోజు ఊరు చూపిస్తానని తీసుకెళ్ళి, బ్రహ్మాండమైన ఆటల భవనం ఒకటి చూపించాడు. దాన్ని వెనక స్టేపుల్స్ సెంటర్ అనేవారు. 2021లో పేరు మార్చారు. దాని ముందు పెద్ద పెద్ద కంచు విగ్రహాలున్నాయి. ఒకాయన బంతి పట్టుకుని పరిగెత్తుతున్నాడు, ఒకాయన గాలిలోకి లేచిపోతున్నాడు. అందరూ తాటిచెట్లంత మనుషులు. వాళ్ళ మధ్య ఒక పెద్దమనిషి బల్ల ముందు కూర్చుని మాట్లాడుతున్నట్టున్నాడు. పక్కన ఒక కుర్చీ ఖాళీగా వుంది.

"అమ్మా, ఆ కుర్చీలో కూర్చో, ఫోటో తీస్తాను," అన్నాడు మావాడు.

"ఈయన ఏం ఆడాడురా?" అన్నాను.

"ఈయన ఆడలేదమ్మా. ఆట చెప్పాడు."

ఆడినవాళ్ళకి విగ్రహం పెట్టారంటే అర్థం వుంది. చెప్పినవాడికి కూడా పెట్టారంటే, ఆ చెప్పడంలో ఏదో వుండాలి కదా! ఆ మాట నా మనసులో పడిపోయింది. వచ్చాక ఆయన గురించి దొరికినంత చదివాను. చదివినకొద్దీ నాకు విగ్రహం కంటే ఆ ఖాళీ కుర్చీ గురించే ఎక్కువ ఆలోచన పట్టుకుంది. అదెందుకో చివర చెబుతాను.

ముందు ఆట గురించి రెండు ముక్కలు. బాస్కెట్ బాల్ పుట్టి మరీ అంత కాలం కాలేదు. 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ ఊళ్ళో జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామం మాస్టారు, చలికాలంలో బయట ఆడలేని కుర్రాళ్ళ కోసం దీన్ని కనిపెట్టాడు. పీచు పళ్ళు తెచ్చే బుట్టలు రెండు గోడలకి కట్టి, వాటిలో బంతి వెయ్యమన్నాడు. అందుకే దానికి బుట్ట బంతి అని పేరు. ఇప్పుడు బుట్టకి బదులు పది అడుగుల ఎత్తున ఇనప వలయం, దానికి వల. జట్టుకి అయిదుగురు. ఆడే స్థలం 94 అడుగుల పొడుగు, 50 అడుగుల వెడల్పు, అంతే. మన పెళ్ళిపందిరి అంత జాగాలో పదిమంది భారీ మనుషులు అటూ ఇటూ పరిగెడుతుంటారన్నమాట. పైగా 1954 నించి అక్కడి పెద్ద పోటీల్లో ఒక నియమం పెట్టారు. బంతి చేతికి వచ్చిన 24 సెకన్లలోపల బుట్ట వైపు వెయ్యాలి. వెయ్యకపోతే బంతి అవతలవాళ్ళది.

ఇప్పుడు చెప్పేవాడి అవస్థ ఆలోచించండి. క్రికెట్‌లో బంతికీ బంతికీ మధ్య బోలెడంత తీరిక. బౌలరు వెనక్కి నడిచి వెళుతుంటాడు. ఆ లోపల వ్యాఖ్యాత ఆకాశంలో మబ్బుల గురించి చెప్పొచ్చు, ప్రేక్షకుల రంగురంగుల గొడుగుల గురించి చెప్పొచ్చు. బాస్కెట్ బాల్‌లో ఆ తీరిక లేదు. ఇటు బుట్టలో పడిన బంతి మరునిమిషానికల్లా అటు బుట్ట దగ్గరుంటుంది. మన చెడుగుడులో కూతకి వెళ్ళినవాడు ఊపిరి వదలకుండా గుక్క పట్టినట్టు, ఈ ఆట చెప్పేవాడు గంటల తరబడి గుక్క పట్టాలి. పట్టి, పేర్లు తప్పు పోకూడదు; లెక్క తప్పు పోకూడదు; వినేవాడికి గందరగోళంగా వుండకూడదు.

అటువంటి పనిలో జీవితం గడిపిన చిక్ హెర్న్ 1916 నవంబరు 27న ఇల్లినాయ్ రాష్ట్రంలోని బ్యూడా అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. పెరిగింది అదే రాష్ట్రంలోని అరోరాలో. అమ్మానాన్నా పెట్టిన పేరు ఫ్రాన్సిస్ డేల్ హెర్న్. మరి 'చిక్' ఎక్కణ్ణించి వచ్చిందంటారా? అది కుర్రాళ్ళు పెట్టిన పేరు. ఆయన కూడా చిన్నతనంలో బాస్కెట్ బాల్ ఆడేవాడు. ఒకసారి తోటి ఆటగాళ్ళు బూట్ల పెట్టె ఒకటి కానుకగా ఇచ్చారట. కొత్త బూట్లు కాబోలని సంబరంగా తెరిస్తే లోపల చచ్చిన కోడి! ఇంగ్లీషులో చిక్ అంటే కోడిపిల్ల కదా. ఆ వేళాకోళం పేరే ఆయనకి జన్మంతా వుండిపోయింది. అసలు పేరు ఎంతమందికి తెలుసునో అనుమానమే. మన ఊళ్ళల్లో కూడా చంటి, బుజ్జి అని ముద్దుకి పిలిచిన పేర్లు ఎనభై ఏళ్ళొచ్చినా వదలవు చూడండి, అలాగన్నమాట.

1938లో ఆయనకి మార్జ్ అనే అమ్మాయితో పెళ్ళయింది. ఈ పేరు కాస్త గుర్తుంచుకోండి. రెండో ప్రపంచయుద్ధంలో సైన్యంలో పనిచేసి వచ్చాక, సొంత రాష్ట్రంలోనే చిన్న చిన్న రేడియో కేంద్రాల్లో చేరాడు. పియోరియా అనే ఊళ్ళో బ్రాడ్లీ విశ్వవిద్యాలయం జట్టు ఆటలు చెబుతూ పేరు తెచ్చుకున్నాడు. నలభయ్యో పడికి దగ్గరవుతుండగా 1956లో భార్యాపిల్లలతో లాస్ ఏంజెలిస్ వచ్చేశాడు. అక్కడ కూడా ముందు కాలేజీ ఆటలే.

ఆ నగరానికి పెద్ద బాస్కెట్ బాల్ జట్టు అప్పటికి ఇంకా రాలేదు. 1960లో మినియాపొలిస్ నించి లేకర్స్ అనే జట్టు తరలి వచ్చింది. మినియాపొలిస్ వున్న రాష్ట్రం నిండా సరస్సులే, అందుకని 'సరస్సులవాళ్ళు' అని ఆ పేరు. లాస్ ఏంజెలిస్‌లో చెప్పుకోదగ్గ సరస్సు లేకపోయినా పేరు మాత్రం అదే వుంచేశారు. కొత్త ఊళ్ళో ఆ జట్టుని పట్టించుకున్నవాళ్ళు తక్కువ. బల్లలు ఖాళీగా వుండేవి. 1961 మార్చిలో లేకర్స్ వాళ్ళు సెయింట్ లూయీ నగరంలో ముఖ్యమైన పోటీ ఒకటి ఆడాల్సివచ్చింది. దాన్ని రేడియోలో చెప్పమని జట్టు యజమాని చిక్ హెర్న్‌ని పంపించాడు. ఇళ్ళల్లో కూర్చుని ఆ రాత్రి విన్నవాళ్ళకి, అవతల దూరదేశంలో జరుగుతున్న ఆట కళ్ళకి కట్టింది. తిరిగి వచ్చి సొంత ఊళ్ళో ఆడిన తర్వాతి ఆటకి జనం విరగబడి వచ్చారు. ఆ వరస పోటీల్లో లేకర్స్ ఓడిపోయారు, నిజమే. కాని ఊరికి జట్టు మీద మమకారం పుట్టింది. జట్టుకి చిక్ హెర్న్ దొరికాడు. అప్పణ్ణించి 2002 దాకా ఆయన ఆ జట్టుని వదిలింది లేదు.

ఇంతకీ ఆయన గొప్పతనం ఏవిటి? గొంతా? గొంతు చక్కందే, కాని దానికి మించి వినేవాడి మీద శ్రద్ధ. మనవాళ్ళు ఇప్పుడు 'మీ రేడియో డయల్ మీద ఎడమ నించి కుడికి వెళుతున్నారు' అని చెప్పేవాడట. ఎంత చిన్న మాటో చూడండి! అంతవరకూ రేడియో డయల్ అంటే ఊళ్ళ పేర్లూ, అంకెలూ, ఎర్రటి ముల్లూ. ఆ ఒక్క మాటతో ఆ డయలే ఆటస్థలం అయిపోయింది. ఈ కొస ఒక బుట్ట, ఆ కొస ఒక బుట్ట. చీకట్లో మంచం మీద పడుకుని వింటున్న పిల్లవాడికి కూడా ఎవరు ఎటు పరిగెడుతున్నారో కనిపిస్తుంది. కన్ను చూసేదాన్ని మాట చూపించాలని ఆయన పట్టుదల.

1960ల నడిమి నించీ ఇంకో విచిత్రం జరిగింది. రేడియోకీ టీవీకీ వేరువేరుగా ఎవరూ లేకుండా, ఆయన ఒక్క గొంతే రెంటికీ వెళ్ళేది. టీవీలో బొమ్మ కనిపిస్తూనే వుంటుంది కదా, అంత వివరంగా చెప్పక్కర్లేదు కదా అని ఆయన అనుకోలేదు. కారు నడుపుతూ వినేవాడికి బొమ్మ లేదు. అతన్ని మరిచిపోతే ఎలా? అందుకని రేడియోకి చెప్పినట్టే చెప్పేవాడు. టీవీ ముందు కూర్చున్నవాళ్ళకి అది ఎక్కువనిపించలేదు సరికదా, చెవి కోసుకునేవారు. ఆయన పక్కన కూర్చునే సహవ్యాఖ్యాతలకి మాత్రం ఎప్పుడన్నా నోరు తెరిచే అవకాశం దొరికితే అదే పదివేలు. 1970ల చివర్లో కొంతకాలం ఆ పక్క కుర్చీలో కూర్చున్న పాట్ రైలీ అనే ఆయన, ఆ తర్వాత అదే జట్టుకి శిక్షకుడై నాలుగుసార్లు గెలిపించాడు.

ఇక మనకి సంబంధించిన సంగతి ఒకటి. ఆయన మాటల్లో సగం వంటింటివే! ఇక అవతలి జట్టు పుంజుకునే ఆశ లేదు, గెలుపు ఖాయం అని తేలిపోయాక ఏమనేవాడో తెలుసా? ఆటని రిఫ్రిజిరేటర్‌లో పెట్టేశాం అనేవాడు. అక్కడితో ఆగేవాడు కాదు. తలుపు వేశాం, దీపం ఆరిపోయింది, గుడ్లు చల్లబడుతున్నాయి, వెన్న గట్టిపడుతోంది, జెల్లీ తొణుకుతోంది అని వరసగా చదివేవాడు. ఆ వరస కోసం ఊరంతా కాచుకుని వుండేది. ఎవడన్నా డాబుకి పోయి, సొగసుగా వెయ్యబోయి బంతి పారేసుకుంటే, హాట్ డాగ్ మీది ఆవపిండి ముద్ద జారిపోయిందనేవాడు. హాట్ డాగ్ అంటే రొట్టె మధ్య పెట్టుకు తినే మాంసపు వంటకం లెండి. ఒక ఆటగాడు ఇటు వెళ్ళినట్టు నటించి అటు వెళ్ళిపోతే, కాపలా కాసేవాడు బోల్తా పడి పేలాల యంత్రంలో పడ్డాడనేవాడు. బంతి వలయం మీద తిరిగి తిరిగి బయటికి పడిపోతే గుండె పగిలినంత బాధ ఆయన గొంతులో పలికేది.

ఇవన్నీ పండితుల మాటలు కావు. బడికి వెళ్ళే పిల్లవాడికీ, వాడి అమ్మమ్మకీ కూడా అర్థమయ్యేవి. ఆట తెలిసినవాళ్ళకే ఆట చెప్పడం ఒక ఎత్తు. తెలియనివాళ్ళకి కూడా తలుపు తీసి లోపలికి రమ్మనడం ఇంకో ఎత్తు. ఆటగాడు పైకెగిరి వలయంలోకి బంతిని దభాలున కుక్కడాన్ని 'స్లామ్ డంక్' అంటారు. బంతి వలయానికీ, వలకీ, దేనికీ తగలకుండా ఉత్త గాలిలో పోవడాన్ని 'ఎయిర్ బాల్' అంటారు. ఈ మాటలు వ్యాప్తిలోకి తెచ్చింది చిక్ హెర్నే అని చెబుతారు. ఇప్పుడు మన స్కూళ్ళల్లో పిల్లలు కూడా అవే మాటలంటారు. ఎవరి నోటి నించి బయల్దేరాయో వాళ్ళకి తెలియదు పాపం.

సొంత జట్టు మాటకారి కదా, ఎప్పుడూ సొంత జట్టునే పొగిడేవాడేమో అనుకునేరు. లేకర్స్ వాళ్ళు చెత్తగా ఆడితే చెత్తగా ఆడుతున్నారని మొహమాటం లేకుండా చెప్పేవాడు. అలా చెప్పాల్సిన రోజులు ఆయనకి చాలానే వచ్చాయి. 1962 నించి 1970 లోపల ఆ జట్టు ఏడుసార్లు ఆఖరి పోటీదాకా వెళ్ళి ఏడుసార్లూ ఓడిపోయింది. అందులో ఆరుసార్లు బోస్టన్ జట్టు చేతిలోనే. ఏడుసార్లూ ఆ ఓటమిని ఊరికి చెప్పవలసినవాడు ఈయనే. చివరికి 1971-72లో కాలం తిరిగింది. 33 ఆటలు వరసగా, ఒక్కటి కూడా ఓడకుండా గెలిచారు. ఆ ఏడే లాస్ ఏంజెలిస్‌కి మొట్టమొదటి విజేత పదవి దక్కింది. ఆ తర్వాత ఆయన వుండగా ఇంకో ఎనిమిదిసార్లు గెలిచారు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. 1965 నవంబరులో ఆయన వేరే ఆట ఒకటి చెప్పడానికి ఆర్కన్సా రాష్ట్రం వెళ్ళాడు. వాతావరణం బాగాలేక విమానం లేవలేదు. 20వ తేదీన లేకర్స్ ఆటకి అందుకోలేకపోయాడు. 21వ తేదీ ఆటకి వచ్చాడు. అలా వచ్చినవాడు, మళ్ళీ ఒక్క ఆట తప్పింది ఎప్పుడనుకుంటున్నారు? 2001 డిసెంబరులో! ఆ మధ్య ముప్ఫయ్యారు సంవత్సరాలు. వరసగా 3,338 ఆటలు. ఒక్కటంటే ఒక్కటి మానలేదు.

అంకె చెప్పెయ్యడం తేలిక. విప్పి చూద్దాం. ఏడాదికి 82 ఆటలు, పైన గెలిచినకొద్దీ ఆఖరి పోటీలు. అందులో సగం పరాయి ఊళ్ళల్లో. ఇవాళ ఇక్కడ, ఎల్లుండి మూడువేల మైళ్ళ అవతల. జలుబు చేస్తే గొంతు పోతుంది. గొంతు పోతే ఉద్యోగమే లేదు. జ్వరాలు రాలేదా? ఇంట్లో శుభకార్యాలు లేవా? ముప్ఫయ్యారేళ్ళ పాటు ఏ పేరంటానికి రమ్మన్నా ముందు ఆటల పట్టిక చూసుకుని చెప్పవలసిందే కదా! మగవాళ్ళు ఈ 3,338 అంకె వినగానే 'ఓహో' అంటారు. నేను మాత్రం అది చదవగానే 'మరి ఇంట్లో?' అనుకున్నాను. మీరూ అదే అనుకుని వుంటారు.

భారతంలో సంజయుడున్నాడు. కళ్ళు లేని ధృతరాష్ట్రుడికి కురుక్షేత్రమంతా పూసగుచ్చినట్టు చెప్పాడు. ఎవరు ఎవర్ని కొట్టారో, ఎవరి రథం విరిగిందో అన్నీ చెప్పాడు. ఆటల వ్యాఖ్యాతలందరికీ ఆయనే మూలపురుషుడని మనవాళ్ళు సరదాగా అంటూ వుంటారు. కాని ఆ పద్ధెనిమిది రోజులూ సంజయుడి ఇంట్లో వాళ్ళు ఏం చేస్తున్నారో ఎప్పుడైనా విన్నామా? ఆయన భార్యా పిల్లల మాట హరికథలో గాని పురాణ కాలక్షేపంలో గాని నేను విని ఎరగను. చెప్పేవాడి ఇల్లు కథలోకి రాదు.

చిక్ హెర్న్ ఇంటి సంగతి మాత్రం ఇప్పుడు లోకానికి తెలుసు. ఆ దంపతులకి ఒక కొడుకు, ఒక కూతురు. జట్టు మొట్టమొదటిసారి గెలిచి ఊరంతా పండగ చేసుకున్న ఆ 1972లోనే కొడుకు మత్తుమందుల వల్ల చనిపోయాడు. కూతురికి అనొరెక్సియా అనే జబ్బు. తిండి మానేసి మనిషి నానాటికీ క్షీణించిపోయే మనోవ్యాధి అది. చాలా ఏళ్ళు దానితో పోరాడి 1990లో ఆమె కూడా కన్నుమూసింది. ఉన్న ఇద్దరు పిల్లలూ తల్లిదండ్రుల కళ్ళ ముందే వెళ్ళిపోయారు.

1972, 1990. ఈ రెండు సంవత్సరాలూ ఆ 3,338 లెక్క లోపలివే. ఆ లెక్కలో ఎక్కడా ఖాళీ లేదు. దుఃఖం వచ్చిన ఏడు కూడా, మిగతా ఏళ్ళలాగే, ఆ గొంతు డయల్ మీద ఎడమ నించి కుడికి, కుడి నించి ఎడమకి పరిగెత్తింది. రిఫ్రిజిరేటర్ తలుపు వేసింది. విన్న లక్షలమందికి ఏ తేడా తెలియలేదు.

దీనికి ఆయన్ని తప్పుపట్టాలా? అలా అని నేను అనలేను. మా నాన్నగారు రైల్వేలో స్టేషన్ మాస్టరుగా చేసేవారు. ఒకసారి మా తమ్ముడికి టైఫాయిడ్ వచ్చి ఒళ్ళు పేలిపోతోంది. రాత్రి డ్యూటీకి బదులు మనిషి లేడు. ఆయన వెళ్ళారు. తెల్లవారుజామున ఇంటికొచ్చి, చెప్పులు విడవకుండానే గడపలో నిలబడ్డారు. లోపలికి రావడానికి కాళ్ళు రాలేదు ఆయనకి. మా అమ్మ తలెత్తి, "జ్వరం దిగింది. మెయిలు టైముకి వెళ్ళిందా?" అని అడిగింది. అంతే. దెప్పలేదు, ఏడవలేదు. ఆ రాత్రి మెయిలులో నిద్రపోయినవాళ్ళు ఎంతమందో! వాళ్ళెవరికీ మా అమ్మ మేలుకుని వుందని తెలియదు. మా నాన్నగారికి ఉద్యోగం అంటే ప్రేమ ఎక్కువా, మా మీద ప్రేమ తక్కువా అని చిన్నప్పుడు నాకు కోపం వుండేది. పెద్దయ్యాక తెలిసింది, కొంతమంది దుఃఖాన్ని మోయగలిగేది పని చేతిలో వున్నప్పుడేనని. చిక్ హెర్న్ కూడా అలాంటివాడేనేమో అని నా ఊహ.

అయితే ఒకటి. పని చేతిలో వున్నవాడికి పని ఆసరా. ఇంట్లో కూర్చున్నావిడకి ఏది ఆసరా? ఆ 3,338లో ప్రతి ఒక్కదానికీ పెట్టె సర్ది పంపించే గుమ్మం ఒకటి వుంటుంది కదా! మార్జ్ పేరు గుర్తుంచుకోమన్నది అందుకే. 1938లో మొదలైన ఆ కాపురం 2002 దాకా, దాదాపు అరవై నాలుగేళ్ళు నిలిచింది. పిల్లలిద్దర్నీ పోగొట్టుకున్న దంపతులు ఒకరికొకరు మిగిలారు. ఆట అయ్యాక రేడియో కట్టేసి మనం పడుకుంటాం. ఆ గొంతు అలిసిపోయి ఇంటికి చేరాక వినేది ఆవిడ ఒక్కర్తే.

2001 డిసెంబరు 16 ఆటతో ఆ లెక్క ఆగింది. అప్పటికి ఆయన వయసు 85. గుండెలో కవాటం చెడిపోయి ఆపరేషన్ చెయ్యవలసి వచ్చింది. అది కోలుకుంటుండగా ఫిబ్రవరిలో పడిపోయి తుంటి ఎముక విరిగింది. ఆ వయసులో తుంటి ఎముక విరిగితే మనవాళ్ళు ఇక లేవరనే అనుకుంటారు. ఆయన 2002 ఏప్రిల్ 9న మళ్ళీ మైకు ముందు కూర్చున్నాడు. ఆ జూన్‌లో లేకర్స్ మళ్ళీ విజేతలయ్యారు. 12వ తేదీ నాటి ఆ గెలుపే ఆయన చెప్పిన ఆఖరి ఆట. ఆగస్టులో ఇంట్లో మళ్ళీ పడి తలకి దెబ్బ తగిలింది. 5వ తేదీన పోయాడు. మార్జ్ ఆ తర్వాత పదమూడేళ్ళకి పైగా బతికి, 2016లో 98వ ఏట కన్నుమూసింది.

ఆయనకి గౌరవాలు చాలా జరిగాయి. బాస్కెట్ బాల్ మహామహుల పేర్లు చెక్కే కీర్తిమందిరంలో 2003లో ఆయన పేరు చేర్చారు. ఆటల భవనం పక్క వీధికి ఆయన పేరు పెట్టారు. నేను చూసిన విగ్రహం 2010 ఏప్రిల్‌లో ఆవిష్కరించింది.

పోతే, ఆడవాళ్ళ మాట కూడా ఒకటి చెప్పి ముగిస్తాను. ఇంత కాలమూ ఆ మైకు ముందు కుర్చీ మగవాళ్ళదే అనుకున్నారు. మన దేశంలో ఆ అడ్డు 1970ల్లోనే ఒకావిడ దాటింది. ఆవిడ చంద్రా నాయుడు. మన దేశపు మొదటి టెస్ట్ కెప్టెన్, తెలుగు మూలాలున్న సి.కె. నాయుడు గారి కూతురు. ఇండోర్‌లో ఇంగ్లీషు పాఠాలు చెప్పే అధ్యాపకురాలు, క్రికెట్ కామెంటరీ చెప్పిన మొదటి భారతీయ మహిళగా పేరు పొందింది. 2021లో ఆవిడ పోయింది. సరిగ్గా ఆ సంవత్సరమే అమెరికాలో మిల్వాకీ జట్టు లీసా బయింగ్‌టన్‌నీ, ఫిలడెల్ఫియా జట్టు కేట్ స్కాట్‌నీ తమ ఆటలు టీవీలో చెప్పడానికి పూర్తికాలం వ్యాఖ్యాతలుగా పెట్టుకున్నాయి. చిక్ హెర్న్ కూర్చున్నలాంటి కుర్చీలో ఇప్పుడు స్త్రీలు కూర్చుంటున్నారు. సంతోషమే. వాళ్ళు పెట్టె సర్దుకుని గుమ్మం దిగేటప్పుడు ఇంట్లో మేలుకుని వుండే మనిషి ఎవరు అన్న ప్రశ్న మాత్రం మునుపటిలాగే వుంది. ఈసారి ఆ మేలుకోవడం మగవాళ్ళకి కూడా అలవాటవుతుందేమో చూడాలి.

ఖాళీ కుర్చీ సంగతి చివర చెబుతానన్నాను. అభిమానులు కూర్చుని ఫోటోలు తీయించుకోవడానికి వీలుగా దాన్ని పెట్టారు. చిన్నపిల్లలు ఎక్కి కూర్చుంటారు, చూడ్డానికి ముచ్చటగానే వుంటుంది. మావాడు తీసిన ఫోటోలో నేను కూడా అందులో కొంచెం సిగ్గుపడుతూ కూర్చున్నాను. అప్పటికి నాకు మార్జ్ పేరు తెలియదు. తెలిసి వుంటే కూర్చునే ముందు ఆవిణ్ణి ఒక్కసారి తలుచుకుని వుండేదాన్ని.

మీ ఇంట్లోనూ ఎవరో ఒకరు వుండే వుంటారు. రైలు నడిపేవారో, ఆస్పత్రిలో రాత్రి పని చేసేవారో, బస్సు తోలేవారో. వాళ్ళు ఎన్నాళ్ళు మానకుండా వెళ్ళారో లెక్కపెట్టి దండలు వేసే రోజు వస్తే, ఇంట్లో మేలుకున్నవాళ్ళ పేరు కూడా ఆ పూట ఒక్కసారి పైకి చదవమని అడగండి. అడిగితే తప్పు లేదు.

సెలవు.